వారాంత వానప్రస్థము

పూర్వము మన గృహస్థులు కొడుకుల పెండ్లిండ్లు చేసి, మనుమల మొగములు చూచి, తల నెరసిన పిమ్మట ఇల్లు విడిచి అడవికి పోయి, కందమూలములతో శేషజీవితము గడపుటను వానప్రస్థమనిరి. ఆ ఆశ్రమము నేడు మిక్కిలి సంస్కరింపబడినది. శుక్రవారము సాయంకాలము ఐదున్నరకు ల్యాప్‌టాప్ మూసి, ఆరింటికి కారెక్కి, ఆదివారము రాత్రి పదింటికి ఇల్లు చేరి, సోమవారము తొమ్మిదింటికి మరల కొలువులో కూర్చుండుటకు వీలగునట్లు దానిని కుదించిరి. ఇంగ్లండు దేశమున ఈ సంక్షిప్త వానప్రస్థమునకు విధింపబడిన తపోవనము వాయవ్య దిశయందలి కంబ్రియా మండలములోని సరోవరసీమ, లేక్ డిస్ట్రిక్ట్. లండనులోను, రెడింగులోను, బర్మింగ్‌హామ్‌లోను కాపురమున్న మన తెలుగువారును, వారి ఇరుగుపొరుగు ఆంగ్లేయులును అచ్చటికి పోవుటకు చెప్పు కారణమొక్కటియే: జనసమ్మర్దమునకు దూరముగా, మానవహస్తము సోకని ప్రకృతి యొడిలో, ఏకాంతముగా, రెండు దినములు మనశ్శాంతి ననుభవించి వచ్చుట. ఈ వాక్యములోని ప్రతి మాటయు అబద్ధమని నా వాదము. రెండు దినములన్న మాట యొక్కటి నిజము కావచ్చును. ప్రయాణకాలము తీసివేసినచో అదియు నిలుచునో లేదో.

మొదట జనసమ్మర్దము సంగతి. ఆ సీమకు 1951లో జాతీయోద్యానమని పేరు పెట్టిరి. వైశాల్యము 2,362 చదరపు కిలోమీటర్లు. ఏడాది పొడవునా అచ్చట ఇంట దీపము పెట్టుకొని బ్రదుకువారు ఇంచుమించుగా 40,000 మంది. ఏటేట చూచిపోవుటకు వచ్చువారు కోటిన్నరకు పైబడినవారు. వేసవి శుక్రవారములందు ఎం 6 రాజమార్గముపై, ముందు కారు వెనుక దీపములను తప్ప మఱేమియు చూడక, గంటల తరబడి ప్రాకుచు పోవు ఆ శకటశ్రేణిలో ప్రతివాడును తన ముందున్నవారిని, వెనుకనున్నవారిని జనసమ్మర్దమని విసుగుకొనుచు, తన్ను మాత్రము ప్రకృత్యుపాసకుడని తలంచుకొనుచుండును. అందులో మనవారి కారును గుర్తించుట సులువు. వెనుక రైస్‌కుక్కరు, స్టీలు డబ్బాలో పులిహోర, రెండు కవర్లలో చుట్టి మూడవదానిలో పెట్టినను వాసన దాగని ఆవకాయ, మూడు కుటుంబములు కలిసి అద్దెకు తీసికొన్న కాటేజీలో తాలింపు పొగకు అలారము మ్రోగకుండ దానికి తొడుగుటకు ఒక షవర్‌క్యాపు. ఇందులో నాకాక్షేపణ లేదు. చలిదేశమున పులిహోర తినుట దోషమని ఏ స్మృతియు చెప్పలేదు. నా ఆక్షేపణ యంతయు ఏకాంతమను మాటతోనే.

అయితే ఈ విద్యకు ఆద్యులు మనవారు కారు. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ సీమకు బయలుదేరిన నాగరకుల చేతిలో ఒక నల్లని కుంభాకార దర్పణముండెడిది. దానికి క్లాడ్ లొరేన్ అను పూర్వశతాబ్దపు చిత్రకారుని పేరు పెట్టిరి. చూడదగిన చోటికి రాగానే ఆ రసికుడు సరస్సునకు వీపు త్రిప్పి నిలిచి, అద్దమును కన్నుల కెదురుగా నెత్తి, వెనుకనున్న కొండలను, నీటిని, మేఘములను అరచేతి మేరకు కుదించి, రంగులను మందగింపజేసి, అదంతయు క్లాడ్ వ్రాసిన పటమువలె కనబడువఱకు చేతిని అటునిటు త్రిప్పి, అప్పుడుగాని 'ఆహా' యని యనెడివాడు కాడు. కొండ కొండవలె నున్న చాలదు, పటమువలె నుండవలెను. గ్రామ శ్మశానముపై వ్రాసిన విలాపకావ్యమున కీర్తి గడించిన టామస్ గ్రే 1769వ సంవత్సరము అక్టోబరులో కెస్విక్ పరిసరములకు వచ్చి, తెరచిన అద్దము చేతబట్టుకొని నడచుచు బురదత్రోవలో వెల్లకిల పడెను. దైవవశమున వ్రేళ్ల కణుపులు మాత్రమే దెబ్బతినెను. లేచి, సూర్యాస్తమయము పూర్తిగా చూచి మఱి పోయినట్లు తన దినచర్యలో తానే వ్రాసికొనెను. అడుగు ఎచ్చట వేయుచున్నాడో చూడక దృశ్యము పట్టుకొని పడిపోయినవారిలో ఈయనకు ప్రథమస్థాన మీయవలెను. తరువాతివారి సంఖ్య కొండసహాయక దళములవారి కెఱుక.

గ్రే తరువాత పదేండ్లు తిరుగకమునుపే, 1778లో, టామస్ వెస్ట్ అను మతాచార్యుడు ఒక మార్గదర్శిని ప్రకటించి, ఏ సరస్సును ఏ గట్టుమీద ఏ చెట్టుప్రక్క నిలిచి చూడవలెనో చోటులు నిర్ణయించి ఇచ్చెను. అట్టి ఒకానొక చోట, విండర్మియర్ సరస్సు పడమటి గట్టున క్లైఫ్ అను తావున, 1790 ప్రాంతములలో ఏకముగా ఒక మేడయే కట్టిరి. దాని కిటికీలకు రంగుటద్దములు బిగించిరి. పసుపుపచ్చ అద్దమునుండి చూచిన వేసవి; నారింజ రంగుదానినుండి ఆకురాలు కాలము; లేతపచ్చ దానినుండి వసంతము; చిక్కని నీలము దానినుండి, నడిమధ్యాహ్నమైనను, పండువెన్నెల. బయట సరస్సు పాపము తన పాటికి తాను బూడిదరంగున పడియుండును. లోపల దొరసానులు ఒక గంటలో సంవత్సరము నంతయు చూచి, మెట్లు దిగి పోవుచుందురు. ఋతువు మారువఱకు ఓపికతో కనిపెట్టుకొనియుండుట కాపుల పని. రసికులకు కిటికీ మారిన చాలును. శిథిలమైన ఆ కట్టడమును నేషనల్ ట్రస్టువారు ఇటీవలనే బాగుచేయించి, మరల జనుల దర్శనమునకు తెరచిరి. చక్కని పని చేసిరి. ఈ సీమలో చారిత్రక సత్యమును దాపరికము లేక చెప్పు కట్టడము నా యెఱుకలో మఱొకటి లేదు.

నేటి ఫోనునకును నాటి దర్పణమునకును గల భేద మిసుమంత. వీపు త్రిప్పుట ఒక్కటియే, చేయెత్తుట ఒక్కటియే, రంగులు మార్చు ఫిల్టరు సైతము ఒక్కటియే. నాటివాడు తన మొగము అద్దములో అడ్డురాకుండ జాగ్రత్తపడెడివాడు. నేటివాడు సరస్సు మొగమున కడ్డురాకుండ జాగ్రత్తపడుచున్నాడు. బోనెస్ రేవు దగ్గర రొట్టెముక్కలకు మరగిన హంసలు గుంపులు గుంపులుగా గట్టెక్కి తిరుగుచుండును. నలునికిని దమయంతికిని రాయబారము నడపిన జాతి యది. శ్రీనాథుడు మొదలు నిన్నటి సినిమాకవి వఱకు దానిని వర్ణింపనివాడు లేడు. శతాబ్దుల తరబడి వర్ణించిన పిమ్మట నిజముగా ఒకటి ఎదురుపడగా మనవారి మాటలిట్లున్నవి:

"బావా, ఆ హంస ఫ్రేములోంచి పోయేదాకా ఆగు."

"పోయింది. కానీ వెనక పడవ వచ్చింది."

"పడవ ఉండనీ, బాగుంటుంది. అచ్చం స్విట్జర్లాండ్‌లా లేదూ?"

"అచ్చం స్విట్జర్లాండే. ఇటు తిరిగి చూస్తే మన అరకు."

ఇట్లు విండర్మియర్ సరస్సును స్విట్జర్లాండనియు, స్విట్జర్లాండునకు పోయినప్పుడు కాశ్మీరమనియు, కాశ్మీరమునకు పోయినప్పుడు ఫలానా సినిమాలో రెండవ పాట యనియు మెచ్చుకొనుట మనవారికి పరిపాటి. ఏ చోటునైనను అదే అది యని చూచుటకు ధైర్యము చాలదు. ఆంగ్లేయుడు మాత్రము తక్కువవాడా? వాడు తన సరస్సును ఇటలీ పటముతో పోల్చి చూచెను, మనము సినిమాతో పోల్చి చూచితిమి. పటమున కంటె సినిమా చౌక.

ఏకాంతమునకు వత్తము. ఈ మాటపై ఆ సీమలో సర్వహక్కులును విలియమ్ వర్డ్స్‌వర్త్ మహాకవివి. 1802 ఏప్రిల్ 15వ తేదీన అల్స్‌వాటర్ సరస్సు గట్టున పెనుగాలిలో నడచుచు ఆయన డాఫొడిల్ పూలబారును చూచెను. ప్రక్కన చెల్లెలు డొరొతీ ఉండెను. ఆ పూలు రాళ్లపై తలలాన్చి యలసట తీర్చుకొన్న తీరును, గాలికి ఆడిన తీరును ఆమె తన దినచర్యలో వ్రాసి పెట్టుకొనెను. రెండేండ్లకు అన్నగారు దానిని పద్యము చేసెను. 1807లో అచ్చు వేయించెను. పద్యములో అన్నగారు ఒక్కడే తిరుగుచుండును, చెల్లెలు అదృశ్యము. అందులో మేలైన రెండు పాదములు భార్య మేరీ సమకూర్చినవేయని కవిగారే ఒప్పుకొనెను. ఇంట ఇద్దరాడువాండ్రు శ్రమపడినగాని సిద్ధింపని ఏకాంతమది.

ఆ పద్యమును మన పిల్లలు గుంటూరులోను, వరంగల్లులోను, బంతిని చేమంతిని తప్ప ఎఱుగక, గైడులోని సారాంశముతో సహా కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనిరి. ఇట్టి ఆంగ్లకవుల గాలి సోకి మన భావకవులు, రాయప్రోలువారు మొదలు కృష్ణశాస్త్రిగారి వఱకు, తెలుగునకు క్రొత్త గొంతు నిచ్చిరి. ఆ మేలు కాదనువాడను కాను. నేను చెప్పునది వారి పాఠకుల మనుమని గురించి. ఇతడు రెడింగులో తన యింటి ముందటి రౌండెబౌట్ మీద మార్చి నెలనుండి గుత్తులు గుత్తులుగా పూచుచున్న డాఫొడిల్ చుట్టు దినమునకు రెండుమార్లు కారు త్రిప్పుచు ఒక్కనాడును కన్నెత్తి చూడక, దాని చుట్టమునే చూచుటకు రెండువందల యేబది మైళ్లకు పైగా పోయి, ఎనిమిదిమందితో కలిసి నిలుచుండి ఒంటరితనమను శీర్షికతో ఫోటో పంపును.

ఏకాంతమును గుప్తముగా నుంచుకొనినచో అది కొంతకాలమైనను దక్కియుండును. ఈ సీమలో పుట్టిన చిక్కేమనగా, ఏకాంతము దొరకినవాడెల్ల తక్షణమే దానిని అచ్చు వేయించెను. వర్డ్స్‌వర్త్ 1810లో మఱొకరి చిత్రసంపుటమునకు ఉపోద్ఘాతముగా సరస్సులపై ఒక మార్గదర్శిని వ్రాసి, పెంచి, సవరించి, 1835 నాటికి అయిదవ కూర్పు వఱకు తెచ్చెను. ఎచ్చటినుండి బయలుదేరవలెనో, ఏ లోయలో ఏ వెలుగు బాగుండునో అందరికిని చెప్పెను. జనులు విని, నమ్మి, వచ్చుటకు సిద్ధపడిరి. 1844లో కెండల్ నుండి విండర్మియర్ వఱకు రైలుదారి వేయ నెంచిరి. అప్పుడు డెబ్బది నాలుగేండ్ల ఆ వృద్ధకవికి ఎక్కడలేని క్రోధము వచ్చి, ఒక పద్యమును, మార్నింగ్ పోస్ట్ పత్రికకు దీర్ఘలేఖలును వ్రాసెను. సౌందర్యము నాస్వాదించుటకు సంస్కారము కావలెననియు, అది క్రమక్రమముగా అలవడునది గాని కూలిజనమును వేలకొలది బండ్లలో తెచ్చి సరస్సు గట్టున దింపినంతమాత్రమున రాదనియు, వారు తమ ఊళ్ల దాపున పొలములలో తిరిగి తృప్తిపడుట మేలనియు ఆయన వాదము. మన ప్యాసింజరు బండిలో కాజీపేట దగ్గర కిటికీలోనుండి దూరి జనరల్ పెట్టెలో చోటు సంపాదించినవాడు, డోర్నకల్లు రాగానే తలుపునకు అడ్డముగా నిలిచి "లోపల ఖాళీ లేదు, వెనక పెట్టెకు పొండి" అని కేకలు వేయుటను చూచినవారికి ఈ మహాకవి హృదయము వ్యాఖ్యానము లేకయే బోధపడును. బండి 1847లో రానే వచ్చెను. అప్పటికి రైడల్ మౌంట్‌లోని కవిగారిల్లే చూడవలసిన వింతలలో ఒకటియై, జనులు గేటు దగ్గర నిలిచి లోనికి తొంగిచూచుచుండిరి.

తరువాతి పాత్ర జాన్ రస్కిన్‌ది. ఆయన 1872లో కోనిస్టన్ సరస్సు గట్టున బ్రాంట్‌వుడ్ అను ఇంట కాపురము పెట్టి, నాలుగేండ్లకే, రైలుదారిని లోపలికి పొడిగింపరాదను ప్రతిఘటన పుస్తకమునకు పీఠిక వ్రాసెను. బండ్లలో వచ్చు జనము త్రాగిన మైకమున హెల్వెలిన్ పర్వతమును చూచుట తన కిష్టము లేదని అందులో నిర్మొగమాటముగా చెప్పెను. (ఈ రైలుద్వేషి వ్రాసిన మఱొక పుస్తకమునే గాంధీగారు 1904లో జోహాన్నెస్‌బర్గు నుండి దర్బనుకు పోవు రైలులో చదివి జీవితము మార్చుకొనిరి. రస్కిన్ బ్రదికియుండి ఈ సంగతి వినినచో సంతోషించియుండునో, ఇంటనే కూర్చుండి చదువుకొనరాదా యని మందలించియుండునో చెప్పజాలను.) ప్రతిఘటన ఫలించెను. నేటికిని రైలు విండర్మియర్ దాటి లోపలికి పోలేదు. కావుననే జనులందఱును కార్లలో పోవుచున్నారు.

ఇక మానవహస్తము సోకని ప్రకృతి. గ్రాస్మియర్ దాటి కెస్విక్ పోవు దారిలో ఎడమచేతివైపున థర్ల్‌మియర్ సరస్సు కనబడగానే కారులోని వారందఱును ఏకకంఠమున నిట్టూర్చి, ఇట్టిది భగవంతుడు తప్ప ఎవరు సృష్టింపగలరందురు. దానిని సృష్టించినది మాంచెస్టరు మున్సిపాలిటీ. లోయకు అడ్డముగా ఆనకట్ట కట్టి, ఉన్న చిన్న సరస్సును ఉబ్బించి, 96 మైళ్ల పొడవున సొరంగములు త్రవ్వి గొట్టములు వేసి 1894లో తమ ఊరి కొళాయిలకు నీరు తీసికొనిపోయిరి. తూర్పున హాజ్‌వాటర్ కూడ అదే మున్సిపాలిటీ వారి జలాశయము, 1930ల నాటిది. దాని యడుగున మార్డేల్ అను ముంపు గ్రామమున్నది. చర్చిని పడగొట్టి, సమాధులలోని శవములను వెలికిదీసి షాప్ అను ఊరిలో మరల పూడ్చిపెట్టి, తరువాత నీరు విడిచిరి. వానలు తప్పిన యేడు ఆ ఊరి గోడలు బయటపడగా, నిర్మల ప్రకృతిని చూడవచ్చినవారు ఆ మొండిగోడలపై నెక్కి ఫోటోలు తీసికొందురు. అన్నిటికంటె ముచ్చటైనది టార్న్ హౌజ్. పోస్టుకార్డులకు తగినట్టి ఆ పచ్చని దీవులు, ఆ దేవదారులు, ఆ వంపులు తిరిగిన గట్టు చూచి మురియనివాడు లేడు; మూడు మురికి మడుగులను ఒక కట్టతో కలిపి, చుట్టును చెట్లు నాటించి, పందొమ్మిదవ శతాబ్దిలో మార్షల్ అను జమీందారు తన వేడుకకు చేయించినది అది.

కొండల బోడితనము సైతము సహజము కాదు. ఒకప్పుడు అడవులున్న వాలులపై శతాబ్దుల తరబడి గొఱ్ఱెలు మొలకనెల్ల మేయగా మిగిలిన నున్నదనమది. హెర్డ్‌విక్ జాతి గొఱ్ఱె నల్లగా పుట్టి, ఏండ్లు గడచినకొలది నెరయుచు, ఏ గాలివానకును చలింపక, తన తల్లి మేసిన వాలునే మేయుచుండును. సున్నము లేదు, మట్టి లేదు. రాతి నడుమ రాయి ఇరికించి, కొండ నెత్తిమీదుగా మైళ్లకొలది పోవు ఆ గోడలను కట్టినవారెవ్వరో పేరు లేదు. ముసురులో తడియుచు, కూలిన మూరెడు గోడను ఒక్కొక్క రాయి చేత త్రిప్పి చూచి, సరిపడిన దానిని పెట్టి, సరిపడనిదానిని ప్రక్కన వేసి తిరిగి కట్టుచున్న కాపు ఎవ్వరి ఫోటోలోను ఉండడు. వాడే ఫ్రేములోనుండి తప్పుకొమ్మనబడును. 2017లో యునెస్కోవారు ఈ సీమను ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినప్పుడు ప్రకృతిసంపదగా కాక మనుష్యులు తీర్చిన సాంస్కృతిక భూభాగముగా చేర్చిరి. సభ చేసి తీర్మానించిన ఆ మాట కాటేజీ వఱకు ఇంకను చేరినట్లు లేదు.

వాన సంగతి క్లుప్తముగా చెప్పెదను. బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్ అను పల్లెలో ఏటా కురియు వాన 3,000 మిల్లీమీటర్లకు పైమాట. హైదరాబాదు వానకు నాలుగింతలకు తక్కువ కాదు. 2015 డిసెంబరులో హానిస్టర్ కనుమ దగ్గర ఇరువది నాలుగు గంటలలో 341.4 మిల్లీమీటర్లు పడెను. సరస్సులిట్లు నిండియుండుటకు కారణమిదేయని తెలిసియు, వెదర్ యాప్‌లో మేఘపు బొమ్మ కనబడినంతనే తమకు ద్రోహము జరిగినట్లు మొగము ముడుచుకొనువారికి చెరువులు కావలెను, తడి కూడదు.

కాలినడక పోవు వర్గమువారు తాము వేఱనుకొందురు. వారి గురువు ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్. కెండల్ పురపాలక సంఘమున కోశాధికారి. మితభాషి, జనము పొడ గిట్టనివాడు. ఆయన సెలవుదినములందు కొండలెక్కి, రాత్రులు కూర్చుండి స్వహస్తముతో బొమ్మలు గీచి, అక్షరములు కూడ చేతనే వ్రాసి, 1955 మొదలు 1966 వఱకు ఏడు సంపుటములలో 214 కొండలను వర్ణించెను. అందమైన పుస్తకములు, వానియెడ నాకు గౌరవము కలదు. కాని చిట్టా ఒకటి యేర్పడిన తరువాత కొండ కొండగా నిలువదు, పద్దు అగును. శిష్యులు శనివారము మూడు, ఆదివారము రెండు చొప్పున కొండలను జమకట్టుకొనుచు, పొగమంచులో మూరెడు దూరము కనబడకున్నను శిఖరముపై రాయి ముట్టి, గడియారము చూచి, దిగివచ్చి టిక్కు పెట్టుచున్నారు. ఇంగ్లండు కంతటికి ఎత్తయిన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. ఎండ కాసిన శనివారము అచ్చట ఏకాంతమునకై వరుసలో నిలువవలెను. ఒంటరిగా నడచుట కిష్టపడిన ఆ కోశాధికారి సైతము, మహాకవి వలెనే, తన ఒంటరితనమును లక్షలకొలది ప్రతులలో పంచిపెట్టి పోయెను.

దిగివచ్చినవారు గ్రాస్మియర్‌లో చర్చి ప్రక్క చిన్నకొట్టు ముందు జింజర్‌బ్రెడ్ కొఱకు నిలిచి, 1854 నుండి వచ్చుచున్న రుచి యని మెచ్చి, స్థానిక జనులను తామే పోషించుచున్నామను తృప్తితో రెండు పొట్లములు కొందురు. ఆ స్థానికుల పిల్లలు తమ ఊరిలో ఇల్లు కొనలేకున్నారు. ఇండ్లనేకము వారాంతములందు మాత్రము తలుపు తెరచుకొను సెలవు బసలైనవి. ఇరుకుదారిలో గడ్డిగట్టుపై ఎక్కించి నిలిపిన కార్ల నడుమ కాపు ట్రాక్టరు నిలిచిపోవును. సోమవారము నాడు పర్వతమునకు అయిదు నక్షత్రములకు మూడిచ్చి, ఈ యాత్రికులు వ్రాయు విమర్శలో రెండే నేరములుండును: పార్కింగు చాలదు, జనము మరీ యెక్కువ.

కావున అందరికిని మేలు కలుగునట్లు ఒక ప్రతిపాదన చేయుచున్నాను. బర్మింగ్‌హామ్ సమీపమున ఎం 6 ప్రక్కననే ఒక విశాలమండపము కట్టవలెను. దానికి క్లైఫ్ మేడవలె నాలుగు రంగుల కిటికీలు పెట్టవలెను. బయట ఒక నీటితొట్టి, అందులో పిలిచిన వచ్చి పొమ్మన్న పోవు శిక్షితహంసలు. ప్రక్కన మూరెడు రాతిగోడ, రెండు నెరసిన గొఱ్ఱెలు, ఒక జింజర్‌బ్రెడ్ కొట్టు. 214 కొండలకును మెట్టొకటి చొప్పున 214 మెట్లు. చివరి మెట్టుపై ముద్ర వేసి యిచ్చుటకు గుమాస్తా. వాన కావలసినవారికి టికెట్టు వేఱు. వేయి కార్లకు చోటు. షవర్‌క్యాపు అవసరము లేని వంటశాల. దర్శనమంతయు గంటన్నరలో ముగియును, ఫోటోలలో భేదము తెలియదు, కాపు ట్రాక్టరు నిరాటంకముగా పోవును. నాకు తోచిన చిక్కొక్కటే. మండపము తెరచి నెల తిరుగకమునుపే, మొదటి వారము వచ్చినవాడొకడు పత్రికకు దీర్ఘలేఖ వ్రాయును: ఇది మునుపటి చోటు కాదనియు, సంస్కారము లేనివారు చేరి పాడుచేసిరనియు, రెడింగు నుండి నేరుగా బస్సు వేయదలచిన యోచనను అధికారులు వెంటనే విరమింపవలెననియు.